యాదగిరి పుట్టినరోజు టైంటేబుల్

స్నేహితుడి పుట్టినరోజు చేయబోయి మూడొందల మందిని నడిరోడ్డు మీద ఏడిపించిన ఘనుణ్ణి నేను. ఆ మూడొందల్లో ఏడుగురు పోలీసులు కూడా ఉన్నారు. నవ్వకండి. చేతిలో లాఠీ ఉన్న మనిషి ముక్కు చీదుకుంటూ మన వంకే చూస్తుంటే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మాది తెనాలి. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. లెక్కల్లో నా పేరు ఎవరికీ తెలియదు గానీ టైంటేబుల్ వేయడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు. "ప్రసాదూ, నువ్వు టైంటేబుల్ వేస్తే క్లాసుకీ క్లాసుకీ మధ్య ఈగ కూడా దూరదయ్యా" అనేవారు మా ప్రిన్సిపాల్. ఆ పొగడ్తే నా కొంప ముంచింది.

నేనూ యాదగిరీ ఒకే గదిలో ఉండేవాళ్లం. వాడిది నల్గొండ వైపు ఒక పల్లె. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో గుమాస్తా. ఆరేళ్లుగా మాకు ఒకే కిరాయి గది, ఒకే బకెట్టు, ఒకే దువ్వెన. కింది వాటాలో శామ్యూల్ ఉండేవాడు. ఆటో నడిపేవాడు, మా ఇద్దరికీ తమ్ముడి లాంటివాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఇవాళ బంద్ అంటే రేపు రాస్తారోకో. అలాంటి ఒక బంద్ నాటి సాయంత్రం యాదగిరి గదిలోకి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. నేను వాడి మొహం చూడలేదు. చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"ఏంట్రా మీ గొడవ! పొద్దున్నించీ ఒక్క హోటలు తీస్తే ఒట్టు. బిర్యానీ తిందామనుకుంటే బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను, తెలుసా?" అన్నాను.

వాడు తలెత్తాడు. "నీకు బిర్యానీ దొరకలే. మా నర్సమ్మ చిన్నమ్మకు చెయ్యి ఇరిగింది. లాఠీలు లేస్తే ఉరికి కింద పడ్డది. దవాఖానల కట్టు కట్టిచ్చి ఒస్తున్న."

నర్సమ్మగారు ఆ మార్కెట్లోనే బత్తాయిలు అమ్మేది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆవిడ పంపిన బత్తాయిలు ఆరేళ్లుగా తింటున్నాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. నోరు జారింది ఒకే గదిలో ఉంటున్నవాడి ముందైతే ఏం చేయాలో మాత్రం చెప్పకుండా పోయారు.

ఆ రోజు నుంచి యాదగిరి నాతో మాట్లాడటం మానేశాడు. రెండు మంచాల మధ్య మూడడుగుల దూరం. మధ్యలో రాయబారి శామ్యూల్.

"శామ్యూల్, ఫ్యాన్ తగ్గించమంటావా అని అడుగు."

"యాదన్నా, ఫ్యాన్ తగ్గియ్యాల్నా అంటుండు."

"ఆయనిష్టమని చెప్పు."

ఈ 'ఆయన' విన్నప్పుడల్లా గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఆరేళ్లు 'రా' అని పిలిచినవాడు 'ఆయన' అంటే దానికన్నా రెండు దెబ్బలు కొట్టడమే మర్యాద. మూడు వారాలు గడిచాయి. వాడు వేరే గది చూసుకుంటున్నాడని శామ్యూల్ చెవిలో వేశాడు. నాకు రాత్రి అన్నం దిగలేదు.

అప్పుడు నాకు తట్టింది, వచ్చే ఆదివారమే వాడి పుట్టినరోజు అని. తిండి దగ్గర పోయిన స్నేహాన్ని తిండితోనే తెచ్చుకోవాలి! రాత్రంతా కూర్చుని స్కేలుతో గీతలు గీసి మూడు రంగుల్లో టైంటేబుల్ వేశాను. పదింటికి దిల్‌సుఖ్‌నగర్లో ఇరానీ చాయ్. పదకొండుకు కొత్తపేటలో పెసరట్టు. పన్నెండుకు బిర్యానీ. ఒంటిగంటకు ఎల్బీ నగర్లో ఏసీ బారు. నాలుగుకు మిర్చి బజ్జీ. ఐదున్నరకు ఇంకో బారు, చికెన్ సిక్స్‌టీఫైవ్. చివరికి మీఠా పాన్. బంద్‌కి కూడా దారి ఆలోచించాను. ఆదివారం ఆఫీసులే ఉండవు, ఇక బంద్ ఎవరు చేస్తారు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక్కడ నా అసలు ఘనకార్యం చెప్పాలి. మళ్లీ నోరు జారకూడదని ఆ మూడు వారాలూ పేపరు చదవలేదు, టీవీ చూడలేదు. అంతటితో ఊరుకున్నానా? శామ్యూల్‌కి కూడా గట్టిగా చెప్పాను. "పుట్టినరోజు అయ్యేదాకా నా ముందు ఉద్యమం మాట ఎత్తావంటే ఊరుకోను."

శుక్రవారం వాడు తల గోక్కుంటూ వచ్చాడు. "అన్నా, ఆదివారం నాడు ఏమున్నదంటే..."

"ఉద్యమం మాటేనా?"

"అవ్ అన్నా."

"అయితే వద్దు."

"జర ఇను అన్నా, అది నీ టైంటేబుల్ మీదికే..."

"శామ్యూల్!"

"మంచిది అన్నా. నాకేంది." వెళ్లిపోయాడు.

పుట్టినరోజుకు రమ్మన్న నా పిలుపుకు యాదగిరి జవాబు కూడా వాడి ద్వారానే వచ్చింది. "ఒస్తడంట అన్నా. గని ఒంటిగంట లోపల ఎల్బీ నగర్ చౌరస్తల ఉండాల్నంట." నేను ఎగిరి గంతేశాను. చూశారా, టైంటేబుల్ చూపించకుండానే వాడికి నా ఏసీ బారు ఎన్నింటికో తెలిసిపోయింది! స్నేహమంటే ఇదీ అనుకున్నాను.

ఆదివారం పదింటికి శామ్యూల్ ఆటోలో బయల్దేరాం. ఇరానీ చాయ్ దొరికింది. యాదగిరి బిస్కెట్ ముంచుకుని తిన్నాడు, నా వైపు చూడకుండా. "హ్యాపీ బర్త్‌డే రా" అన్నాను. "థాంక్స్ అని చెప్పు" అన్నాడు శామ్యూల్‌తో.

కొత్తపేట టిఫిన్ హోటల్ షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి చూస్తే గల్లాపెట్టె దగ్గర ఓనరు ఒక్కడే పేపరుతో విసురుకుంటున్నాడు.

"పెసరట్టు ఉందాండీ?"

"పిండి ఉంది. పోసేటోడు లేడు. మాస్టరు చౌరస్తకు పోయిండు."

"ఎప్పుడొస్తాడు?"

"నేనే ఆడికి పోతున్న, నన్నడుగుతవేంది?"

బిర్యానీ హోటల్లో ఇంకా అన్యాయం. మనుషులే కాదు, గిన్నెలు కూడా లేవు. "పెద్ద దేక్షాలన్నీ ట్రాలీల ఏస్కొని పోయిన్రు సార్" అన్నాడు వాచ్‌మన్. మా ఊళ్లో పెళ్లివారు వంటపాత్రలు అరువు తీసుకెళ్లడం చూశాను గానీ, హోటలుకు హోటలే లేచిపోవడం అదే చూడటం. నేనొకటి తలిస్తే నగరమంతా కలిసి ఇంకొకటి తలచింది. ఆటో వెనక సీట్లో యాదగిరి రోడ్డు వైపు తిరిగి ఉన్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నాడు.

ఎల్బీ నగర్ చేరేసరికి ఏసీ బారుకు తాళం. సాయంత్రం దాకా తీయొద్దని పోలీసులు చెప్పారట. బారు ఎదురుగా, విజయవాడ వెళ్లే రోడ్డు మొత్తం మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా పొయ్యిలు! పొగ, పాటలు, డప్పులు, జెండాలు. రోడ్డు మధ్యన ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. నా పెసరట్టు మాస్టరు అక్కడ ఉల్లిపాయలు కోస్తున్నాడు. నా బిర్యానీ దేక్షా అక్కడ పప్పుచారుతో ఉడుకుతోంది.

"ఇదేంట్రా శామ్యూల్?"

"వంటావార్పు అన్నా. రోడ్డు బంద్ చేసి ఆడ్నే వండుకొని ఆడ్నే తినుడు. ఆదివారమైతే అందరికి సెలవుంటది గదా, మస్తు మంది ఒస్తరని పెట్టిన్రు. శుక్రవారం చెప్తమని ఒచ్చిన. నువ్వే మాట ఎత్తకంటివి."

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. నేను రోలూ రోకలీ కూడా టైంటేబుల్ వేసుకుని వెతుక్కుంటూ వచ్చాను.

యాదగిరి తిన్నగా ఒక పొయ్యి దగ్గరికి నడిచాడు. అక్కడ ఒక పెద్దావిడ, కుడిచేతికి పిండికట్టు, ఎడమచేత్తో మనిషెత్తు తెడ్డును తిప్పలేక తిప్పుతోంది. చెప్పక్కర్లేదు, నర్సమ్మగారు. ఆ కట్టు చూడగానే నా బిర్యానీ, నా బిస్కెట్లు అన్నీ గుర్తొచ్చాయి. వెళ్లి ఆవిడ చేతిలో తెడ్డు తీసుకున్నాను. ఆవిడ నా వంక చూసి, "సల్లగుండు బిడ్డా" అని నీడలో కూర్చుంది. యాదగిరిని ఎవరో నీళ్ల డ్రమ్ములు దించడానికి పిలిస్తే శామ్యూల్‌తో పాటు వెళ్లాడు.

నేనొక్కణ్ణే మిగిలాను. నోరు తెరిస్తే తెనాలి బయటపడుతుంది. ఎవరేమంటారో, యాదగిరికి నా వల్ల ఏం మాట వస్తుందో! మూడు వారాల క్రితం జారిన నోటికి ఈసారి తాళం వేశాను. తెడ్డు తిప్పడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు.

పచ్చచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి గిన్నెడు కారం పప్పుచారులో కుమ్మరించి వెళ్లింది. బాగుంది. ఐదు నిమిషాలకు తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన వచ్చి ఇంకో గిన్నెడు వేశాడు. అయ్యా, పడిందండీ, అని నా ప్రాణం అరిచింది. పెదవులు కదలలేదు. ఇంకాసేపటికి నా పెసరట్టు మాస్టరే వచ్చి, ఘాటుకు తుమ్ముతూ కూడా, మూడో గిన్నె వంచాడు. పప్పుచారు అగ్నిగుండంలా ఎర్రబడింది. నేను మాత్రం మౌనవ్రతం పట్టిన మునిలా తిప్పుతూనే ఉన్నాను.

బంతులు కూర్చున్నాయి. వడ్డన మొదలైంది. మొదటి విస్తరి నర్సమ్మగారిది. యాదగిరి పక్కన కూర్చుని, కుడిచెయ్యి ఆడని చిన్నమ్మకు తనే ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్లాడు. ఇక ఆగలేకపోయాను.

"పిన్నిగారండీ! తినకండీ! కారం మూడుసార్లు పడిందండీ! నేను చూస్తూనే ఉన్నానండీ!"

డప్పు ఆగింది. మూడొందల తలలు తిరిగాయి. అన్ని 'అండీ'లు ఆ చౌరస్తా ఒక్కసారిగా ఎన్నడూ విని ఉండదు.

"చూస్తూ ఉంటే మరి చెప్పవైతివేంది బిడ్డా?" అంది నర్సమ్మగారు.

"నా మాట విని... ఎవరైనా ఏమైనా అంటారేమోనని..."

"ఏ ఊరు నీది?"

"తెనాలండీ. మీ యాదగిరి గదిలో ఉండేది నేనేనండీ. మీ బత్తాయిలు తినేది నేనేనండీ. మీ చెయ్యి విరిగినప్పుడు బిర్యానీ గురించి ఏడ్చింది కూడా నేనేనండీ." ఎవరూ అడగనిది కూడా చెప్పేశాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి పకపకా నవ్వింది. "మాట బయటపడ్తదని భయపడి మందికి ఇంత కారం తినిపిస్తవా? కూసో బిడ్డా. వండింది పారబోస్తమా? ఏయ్, మజ్జిగ డ్రమ్ములు ఇటు తేండ్రి!"

అందరూ తిన్నారు. అందరూ ఏడ్చారు. బందోబస్తుకు వచ్చిన ఏడుగురు పోలీసులకూ విస్తళ్లు వేశారు. వాళ్లూ ఏడ్చారు. ఏ బాష్పవాయువూ చేయలేని పని మా పప్పుచారు చేసింది.

నేను యాదగిరి పక్కన కూర్చున్నాను. నా కళ్లు ధారగా కారుతున్నాయి.

"ఏడుస్తున్నవా రా?" అన్నాడు. మూడు వారాల తర్వాత మొదటి 'రా'.

"కారం రా. తప్పయిపోయింది రా ఆ రోజు. నువ్వు గది మారొద్దు."

"మారుతలేను." వాడు భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. "నాది గూడ కారమే."

సాయంత్రం బారు తెరిచారు. నా టైంటేబుల్లో ఒక్క గడి అయినా నెరవేరాలని ముగ్గురం వెళ్లి ఏసీ కింద కూర్చున్నాం. నాలుకలు వాచి ఉన్నాయి. వెయిటర్ వచ్చి, "ఏం తేవాలి సార్?" అన్నాడు. ముగ్గురం ఒక్క గొంతుతో అన్నాం: "పెరుగు."

ఆ పెరుగు గిన్నె మీద చెయ్యి పెట్టి ఆనాడు నేను చేసిన ప్రమాణం ఇది. ఇక ఈ జన్మలో పేపరు చదవకుండా ఎవరి పుట్టినరోజూ చేయను. నాకు చెప్పడానికి వచ్చినవాడి నోరు మూయను. కారం రెండోసారి పడుతుంటే, ఎదురుగా ఉన్నది ఎవరైనా సరే, నా తెనాలి నోరు మూసుకుని ఊరుకోను. నేటి వరకూ ఈ ప్రమాణం తప్పలేదు. తప్పే అవకాశమూ రాలేదు లెండి, ఆనాటి నుంచి యాదగిరి ఇంట్లో ఏ శుభకార్యమైనా నన్ను వంటపొయ్యికి పది గజాల దూరంలో కూర్చోబెట్టి, చేతిలో ఒక బత్తాయి పెడుతున్నారు.