పిస్తోలు తప్ప అన్నీ వచ్చు

సౌదీకి వచ్చిన మూడేళ్లలో నేను ‘రాదు’ అన్న మాట అనలేదు. రాదంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. అల్ ఖర్జ్ దగ్గర ఆవుల ఫామ్‌లో పాలు పితికే మిషన్లు చూసుకోవడం నా పని. అకామా కార్డులో, అంటే అక్కడి నివాస పత్రంలో, మెకానిక్ అని ఉంది కాబట్టి నాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఇంటి గీజరు, మిక్సీ, కుట్టుమిషను కూడా నా నెత్తినే పడేవి. రానివి ఫోన్‌లో చూసి నేర్చుకునేవాణ్ణి. అతనంటే మాత్రం నాకు ఒళ్లుమంట. సలాం పెడితే గడ్డమైనా కదపడు.

ఆ ఏడాది నా భార్యకు గర్భసంచి ఆపరేషన్ తప్పదన్నారు కరీంనగర్ డాక్టర్లు. ఆలస్యం చేస్తే ప్రమాదమనీ చెప్పారు. ఆమె ఫోన్‌లో ఒకటే మాట. “నువ్వొస్తెనే ఆపరేషన్. లేకుంటే దవాఖాన మొకం సుత చూడ.”

ఊరికి పోను చుట్టీ, అంటే సెలవు, దొరకాలంటే కఫీల్ తన ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కాలి. “బుక్రా, రేపు” అంటూ నెల రోజులు తిప్పాడు.

ఒక మధ్యాహ్నం పంపు గదిలోకి తువ్వాల మూటతో వచ్చాడు. విప్పితే పిస్తోలు. వాళ్ల నాయనదట, తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఫోన్‌లో వీడియో పెట్టాడు. కొత్తవాళ్లు కూడా ఇంట్లోనే పిస్తోలు బాగుచేసుకోవచ్చని అందులో ఎవడో నవ్వుతూ చెబుతున్నాడు.

“ఇదీ మిషనే కదా. బాగుచెయ్, చుట్టీ ఇస్తా” అన్నాడు.

నా పది వేలిముద్రలూ సర్కారు దగ్గరున్నాయి. పరదేశి వేలిముద్ర పిస్తోలు మీద దొరికితే చుట్టీ కాదు, జైలే. రాదందామంటే అక్కడ ఆమె మొండిపట్టు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు.

“మీ నాయన వస్తువు. మీ చెయ్యి పడితేనే మర్యాద. నేను వీడియో చూసి చెబుతా” అన్నాను నాకొచ్చిన అరబీలో. ఆ మాటకు ఉబ్బిపోయి తనే కూర్చున్నాడు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను.

ఏదో గట్టిగా లాగాడు. టప్పుమని స్ప్రింగు ఎగిరిపోయింది. ఇంక తిట్లు మొదలయ్యాయి. నన్ను గాడిద అన్నాడు, నా దేశాన్ని తిట్టాడు, టార్చి సరిగా పట్టలేదన్నాడు. స్ప్రింగు మాత్రం నా చెప్పు పక్కనే పడి ఉంది. దాని మీద కాలు పెట్టి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, అతను నేల మీద దేకుతూ వెతుకుతుంటే నా కడుపు చల్లబడింది.

“మనసంతా చుట్టీ మీదుంది. నా కంటికి ఏమీ కనబడటం లేదు” అన్నాను.

కొరకొరా చూసి బటన్ నొక్కాడు. నా ఫోన్ మోగింది. ఊరికి పోయి తిరిగొచ్చే వీసా వచ్చింది.

ఆ తర్వాత గంటసేపు వంగి, లేచి, బల్లలు జరిపి నేనూ వెతికాను. స్ప్రింగు అప్పటికే నా జేబులో ఉంది. దొరకలేదన్నాను. సాయంత్రం గొట్టం పెట్టి ఆవుల కొట్టం కడిగినప్పుడు అది పేడనీళ్లతోపాటు కాలువలో పోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కళ్లు తెరవగానే ఆమె అడిగిన మొదటి మాట, “తిన్నవా?”

రెండు నెలల తర్వాత తిరిగొచ్చాను. మర్నాడే కఫీల్ పంపు గదికి వచ్చాడు. నీ భార్య ఎలా ఉందని అడగలేదు. అదే తువ్వాల మూట విప్పాడు. ఎక్కడినుంచో కొత్త స్ప్రింగు తెప్పించాడు.

“ఈసారి నీ చేత్తోనే చెయ్యాలి.”

“నాకు రాదు” అన్నాను.

మొదట అతనికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఫోన్ తీసి, తెర మీద బొటనవేలు ఆనించీ ఆనించకుండా పట్టుకున్నాడు.

“ఎగ్జిట్ కొట్టనా?”

“కొట్టు” అన్నాను.