గేటు బయట నిలబడ్డ పీటీ సార్

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టి ఎన్నోసార్లు ఆపేశాను. రాయడం నాకు అలవాటు లేదు, నలుగురిలో మాట్లాడటమూ తక్కువే. కానీ మొన్న బడి జ్ఞాపకాలు రాసుకునే మన గ్రూపులో ఎవరో "పీటీ సార్‌కు విజిలూ బెత్తమూ తప్ప ఇంకేం తెలుసు?" అని రాశారు. చాలామంది నవ్వారు. ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నా మనసు నిలవలేదు... అందుకే ఇవాళ రాస్తున్నాను.

నిజమే, మా పీటీ సార్ అంటే మాకు హడల్. కాటన్‌పేటలో మా ఆడపిల్లల హైస్కూలు గేటు దగ్గర సుద్దముక్కతో ఒక గీత గీసేవారు. ప్రార్థన గంట కొట్టేసరికి ఆ గీత లోపల ఉండాలి... లేదంటే బయటే. గోళ్లు పెరిగినా, రిబ్బన్ జారినా బెత్తం బల్ల మీద టక్‌మని మోగేది. ఎవర్నీ కొట్టగా నేను చూడలేదు గానీ, ఆ చప్పుడే చాలు.

త్రోబాల్ పోటీల రోజు మాత్రం ఆయన ఇంకో మనిషి. మా జట్టు వెనకబడితే గొంతు పోయేదాకా అరిచేవారు. ఆయనతో పాటు కన్నడ మిస్ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కోర్టు చుట్టూ పరుగెత్తేది. మర్నాడు ఇద్దరికీ మాట పెగిలేది కాదు... పాఠం అంతా సైగలతోనే!

నేను పదో తరగతిలో ఉండగా కొత్త హెడ్‌మిస్ వచ్చారు. ధారవాడ వైపు మనిషి, మా పేటకు కొత్త. మంచావిడే, కానీ నియమం అంటే నియమం. ఆలస్యంగా వచ్చినవాళ్లు మర్నాడు తండ్రిని పిలుచుకురావాలన్నారు.

మా నాన్నది బట్టల మండీలో మూటలు కట్టే పని. ఒక పూట మానితే యజమాని ముఖం మాడ్చుకునేవాడు. అందుకే ఇంట్లో ముందే చెప్పేశాడు... "బడి నుంచి నన్ను పిలిచిన పొద్దే నీ చదువు ఆఖరు. ఇంట్లో కూర్చోని ఊదుబత్తులు చుట్టుకో." మా వీధిలో నా ఈడు పిల్లలు చాలామంది అప్పటికే ఆ పనిలోనే ఉన్నారు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. అంతలో చైత్ర పున్నమి, కరగ పండుగ. మల్లెపూల గోపురంలా కట్టిన కరగను తలకెత్తుకుని పూజారి రాత్రంతా పేట వీధులన్నీ తిరుగుతాడు. మా వీధికి వచ్చేసరికి బాగా తెల్లవారింది. కరగ రూపంలో అమ్మవారు గడప ముందుకు వస్తుంటే వదిలి ఎలా పోతాను? మల్లెలు చల్లి, దండం పెట్టుకుని, బడికి పరుగెత్తాను.

గేటు వేసి ఉంది. లోపల హెడ్‌మిస్. బయట మా పేట పిల్లలమంతా వరుసగా... అందరి జడల్లో మల్లె రేకులు. కరగ సంగతి ఆవిడకు తెలియదు, చెప్పే ధైర్యం మాకు లేదు. "రేపు మీ మీ తండ్రులతో రండి" అన్నారు. నాకు కన్నీళ్లు ఆగలేదు.

అప్పుడే సైకిల్ మీద పీటీ సార్ వచ్చారు. ఆయనా పేట మనిషే. చొక్కా మీద ఇంకా మల్లెలు! నా పక్కనున్న గిరిజ ఉండబట్టలేక, "సార్, దీని బడి ఈ పొద్దుతో సరి. వాళ్ల నాయన మానిపిస్తాడంట" అంది.

సార్ నాకేసి చూశారు. సైకిల్‌కు స్టాండ్ వేసి, మా వరుస చివర వచ్చి నిలబడ్డారు.

"మీరు లోపలికి రండి సార్" అన్నారు హెడ్‌మిస్.

"గీత గీసిందే నేను మేడం. రేపు మా నాయన్ని పిలుచుకొని వస్తా."

ఏదో హాస్యానికి అన్నారనుకున్నాం...

మర్నాడు నిజంగానే పిలుచుకొచ్చారు! తెల్ల పంచె, నల్ల కోటు, తలకు రుమాలు చుట్టుకున్న పెద్దాయన. ఆఫీసు వరండాలో ఆడపిల్లల తండ్రుల మధ్య కూర్చున్నారు. పక్కనే మా నాన్న. నా చదువు ఇంక ఆఖరని చెప్పడానికే వచ్చాడు.

హెడ్‌మిస్ రాగానే పెద్దాయన లేచి చేతులు జోడించారు. "అమ్మా, మావాడిది తప్పే. కరగ వస్తే వీడికి ఒళ్లు తెలీదు, చిన్నప్పట్నించీ ఇదే యవ్వారం. నాలుగు చీవాట్లు పెట్టండి. బడి మాత్రం మానిపించొద్దండి. ఈ బడి లేకుంటే ఉండలేడు వాడు."

సార్ చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడ్డారు... అచ్చం మాలాగే. స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర కన్నడ మిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పేటలో అందర్నీ ఎరిగిన ఆ పెద్దాయన మా నాన్న వైపు తిరిగారు. "నీ బిడ్డ ఏం చేసిందప్పా?"

"అదీ కరగ చూసే వచ్చిందంట."

"నువ్వు యాడుంటివి?"

"నేనూ ఆడనే ఉంటి."

"మండీకి టయానికి పోతివా?"

నాన్న నేల చూపులు చూస్తూ, "లేదు" అన్నాడు.

"అట్లైతే పో... మీ నాయన్ని పిలుచుకొని రా!"

వరండా అంతా నవ్వు. హెడ్‌మిస్ కూడా నవ్వేశారు. నాన్న ఒక్కడే నవ్వలేదు. మెల్లగా లేచి, "పరీక్షలు రాయనీండమ్మా. ఇంక నేనే టయానికి తెచ్చి విడుస్తా" అన్నాడు.

విడిచాడు కూడా. పరీక్షలు అయ్యేదాకా రోజూ గేటు వరకూ వచ్చాడు. నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యాను. అంతకు మించి చదవలేదు... కానీ ఆ పాటి చదువు నా దగ్గర ఉందంటే, ఆ రోజు సార్ మా వరుసలో నిలబడటం వల్లే.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు బడిలో ఆలస్యమైతే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అంతే. ఎవరూ ఎవరి పక్కనా నిలబడనక్కర్లేదు...

మీ వరుసలోకీ ఏ సారైనా, మిస్సైనా వచ్చి నిలబడ్డారా? ఉంటే రాయండి, తప్పక చదువుతాను. ఇది మాత్రం ఈ గ్రూపు దాటించకండి. నాన్న ముసలివాడయ్యాడు. ఊదుబత్తుల మాట తలచుకుని ఇప్పటికీ నా ముఖం చూడలేడు. చదివి మీ దగ్గరే దాచుకోండి... ఎవరికీ చూపించకండి.