పైపుల్లో ఏమీ లేదన్న మాట

ఆ పేటలో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అంటారు. ముక్కు పెద్దదనుకునేరు, మామూలు ముక్కే. ఇంట్లో మురుగు కంపు కొడుతోందని కబురు పెడితే చాలు, గడప దగ్గర నిలబడి రెండుసార్లు గాలి పీల్చి, ‘వంటింటి సింకు కింద’ అనో, ‘స్నానాల గది వాడటం మానేశారు, జాలీ కింద నీళ్లు ఎండిపోయి గొట్టంలోంచి కంపు పైకి తన్నుతోంది’ అనో ఇట్టే చెప్పేసేవాడు. మిగతా మేస్త్రులు ముందు సుత్తి తీస్తారు, తర్వాత ఆలోచిస్తారు. ఈయన ముప్పై ఏళ్లలో ఒక్క గోడ కూడా అనవసరంగా పగలగొట్టలేదు. అందుకే కాస్త గర్వం కూడా ఉండేది. ఉండదూ మరి!

అలాంటి మనిషికి పోయిన చలికాలం జ్వరం తగిలింది. తగ్గుతూ తగ్గుతూ ఆ పాడు జ్వరం వాసన కాస్తా పట్టుకుపోయింది. పక్కనే పాలు మాడుతున్నా తెలియదు. డాక్టరు చూసి, ‘రావచ్చు, రాకపోవచ్చు’ అన్నాడు. ఆ మాత్రం చెప్పడానికి అంత చదువు చదవాలా?

ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఉపాయం ఆవిడదే. సామాన్ల సంచి తను మోస్తానని వెంట బయల్దేరింది. మోకాళ్ల నొప్పుల మనిషివి, నీకెందుకీ తిప్పలని ఎవరైనా అడిగితే, ‘ఇంట్లో పొద్దుపోక చస్తున్నానమ్మా’ అనేది. గదులన్నీ నెమ్మదిగా తిరిగి, కంపు ఎక్కడ గుప్పుమంటే అక్కడ సంచి కింద పెట్టేది. మేస్త్రి సరిగ్గా అక్కడికే వెళ్లి, పీల్చినట్టు నటించి, ‘ఇదిగో ఇక్కడ’ అనేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ప్రతిసారీ ఆయనకు లోపల ఏదో తెగినట్టుండేది.

ఒకరోజు ఆవిడ మోకాళ్లు వాచి మంచం దిగలేకపోయింది. అదే రోజు రెండు వీధుల అవతల బట్టలు కుట్టే ఆవిడ పిలిచింది. ఆవిడా, ఆవిడ తల్లీ, ఇద్దరే ఆ ఇంట్లో ఉంటారు. తల్లి పడుకునే వెనక గదిలో భరించలేని కంపట.

“ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యవయ్యా, రేపు ఇద్దరం వెళ్దాం,” అంది భార్య.

“ముప్పై ఏళ్ల పనితనం ఒక్క ముక్కులోనే ఉందా?” అని విసుక్కుని ఒక్కడే వెళ్లాడు.

వెళ్లి చెయ్యాల్సినవన్నీ చేశాడు. సింకు కింద గొట్టం విప్పి కడిగాడు. జాలీ ఎత్తి నీళ్లు పోశాడు. పెరట్లో మూత తీసి చూశాడు. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. వెనక గదిలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. ఏముంది, వట్టి గాలి. మంచం మీద కూర్చున్న ముసలావిడ ఆశగా చూస్తోంది. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

“పైపుల్లో ఏమీ లేదమ్మా, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఇంట్లో ఇంకేదైనా ఉందేమో చూసుకోండి,” అన్నాడు.

కూతురు తల్లి వైపు చూసింది. ఆ చూపు మేస్త్రి గమనించాడు. గమనించి కూడా సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు.

రెండు నెలలు గడిచాయి. సామాన్ల సంచి పట్టీ తెగితే, కుట్టించుకొస్తానని భార్యే ఆ బట్టలు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చి సంచి మూలకు విసిరేసింది.

“ఏం చూసొచ్చావయ్యా ఆ ఇంట్లో? గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు మురుగు కంపు కొట్టింది!”

మేస్త్రి వెళ్లి సంచి తీసి మేకుకు తగిలించాడు.

“ఆ ముసలావిడ వెనక గుమ్మం బయట, చలిలో, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటోంది. ఏమిటమ్మా ఇదంటే కూతురు ఏమందో తెలుసా? ‘మా అమ్మకు వయసు మీద పడింది, తెలియకుండానే బట్టల్లో పోతోంది. పైపుల్లో ఏమీ లేదని మేస్త్రిగారే చెప్పారు’ అంది. నీ మాట పట్టుకునే ఆవిడను బయట కూర్చోబెట్టిందయ్యా!”

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఉన్నపళాన ఇద్దరూ బయల్దేరారు. భార్య కుంటుకుంటూనే వెనక గదిలోకి వెళ్లి, బీరువా పక్కన సంచి పెట్టింది. బీరువా జరిపి చూస్తే గోడలో గొట్టం నోరు. ఎప్పుడో అక్కడ చేతులు కడుక్కునే తొట్టి ఉండేదట. దాన్ని పీకేసిన మహానుభావుడెవడో గొట్టానికి మూత పెట్టకుండా గుడ్డ కుక్కి పోయాడు. అది కుళ్లి రాలిపోయింది. మూత బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు.

కిటికీలు తెరిచి కాసేపు ఆగాక కూతురు ముఖం విప్పారింది. “అబ్బ, పోయింది! మరి అప్పుడు కనపడలేదేం మేస్త్రిగారూ?”

గుడ్డ ఈమధ్యే కుళ్లిందమ్మా అంటే సరిపోతుంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. భార్య గోడ వైపు తిరిగి నిలబడింది.

అంతలో ముసలావిడ లోపలికి వచ్చింది. నేరుగా మేస్త్రి దగ్గరికి వచ్చి, పాలిపోయిన చెయ్యి ఆయన ముఖం దగ్గరికి చాచింది.

“ఒక్కసారి వాసన చూసి చెప్పు నాయనా. నా ఒంటి మీద ఇంకా ఉందా? నువ్వు చెబితే మా అమ్మాయి నమ్ముతుంది.”

మేస్త్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఎంత పీల్చినా ఏమీ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నాకు వాసన తెలియదు పెద్దమ్మా. పోయిన చలికాలం నుంచీ తెలియదు. ఆ రోజు కూడా తెలియలేదు. తెలియదని చెప్పుకోలేక అబద్ధమాడాను. నీ తప్పేం లేదు, అంతా నాదే.”

కూతురు నిర్ఘాంతపోయింది. “ఇక మీరు ఏ ఇంటి గడపా తొక్కకండి,” అంది. ఈ సంగతి రేపటికల్లా పేటంతా తెలుస్తుంది. తెలియనీ అనుకున్నాడు మేస్త్రి.

ముసలావిడ చెయ్యి ఇంకా చాచే ఉంది. కూతురు దగ్గరికి వచ్చి, దాన్ని రెండు చేతులతో అందుకుని ముఖానికి ఆనించుకుంది. గట్టిగా వాసన పీల్చింది.

“సబ్బు వాసనమ్మా,” అంది చివరికి. “సబ్బు వాసనే వస్తోంది.”

“రోజుకు మూడుసార్లు స్నానం చేస్తున్నానే,” అంది తల్లి. “రెండు నెలల నుంచీ అదే వాసన.”