అడె బుగ్గల మీది గీతలు

2000వ సంవత్సరం. సెరంగూన్ రోడ్డులో నా ఫోటో స్టూడియో. ఐటీ కంపెనీలు పరాయి దేశాల నుంచి వారానికో బృందాన్ని ఆ ఊళ్ళో దింపుతున్న రోజులవి. ఆఫీసుల్లోకి వెళ్ళడానికి వాళ్ళకిచ్చే పాసుల ఫోటోలు నా దగ్గరికి వచ్చేవి. ఎవరిని ఏ రోజు తీశానో డైరీలో రాసుకునేవాణ్ణి. అడె పేరున్న పేజీ తెరిస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ముందు నా మీదే.

అడె నైజీరియా ఇంజనీరు, యొరుబా జాతివాడు. రెండు బుగ్గల మీదా మూడేసి నిలువు గాట్లు. ఫోటో తీశాక అతని మేనేజర్ మురళి, మన గుంటూరు అబ్బాయే, ఫోన్ చేశాడు. "అంకుల్, ఆ గాట్లు టచింగ్‌లో లేపెయ్యండి. క్లయింట్ జడుసుకుంటాడు."

టచింగ్ అంటే ఫోటోలో మొటిమలూ మచ్చలూ చెరపడం. కంప్యూటర్‌లో అయిదు నిమిషాల పని. అడెని అడగాలని తోచలేదు. చెరిపేశాను.

మూడోనాటి ఉదయం అడె వచ్చి పాసు నా బల్ల మీద పెట్టాడు. తంజోంగ్ పగార్‌లో క్లయింట్ ఆఫీసు గార్డు "ఫేస్ నాట్ సేమ్ లా" అని, ముఖం కలవలేదని, వెనక్కి పంపాడట. సాయంత్రంలోగా లోపలికి వెళ్ళకపోతే ప్రాజెక్టులో ఇంకొకరిని పెడతానని మురళి అన్నాడట.

"ఈ గాట్లు నేను నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు పెట్టారు," అన్నాడు అడె ఇంగ్లీషులో, మెల్లగా. "మా వంశపు గీతలు. వెనకటి యుద్ధాల్లో చెదిరిపోయినవాళ్ళని వీటిని బట్టే మావాళ్ళు గుర్తుపట్టి ఇంటికి తెచ్చుకునేవారు. మీరు నన్ను ఎవరికీ కానివాణ్ణి చేశారు."

అతని ఎదుటే మురళికి ఫోన్ చేశాను.

"అంత గొడవెందుకంకుల్? కాస్త పౌడర్ దట్టించుకుని వెళ్ళమనండి. పాసులో ఉన్నట్టే ఉంటాడు."

"నీ పెళ్ళి ఫోటోల్లో మా స్టూడియో కుర్రాళ్ళు బుగ్గచుక్కని మచ్చనుకుని చెరిపేస్తే ఆల్బం మొత్తం తిప్పి పంపావు. గుర్తుందా బాబూ?"

"అది వేరంకుల్. అది మన సంప్రదాయం."

"అతనిది మాత్రం?"

"ఫోటో మారిస్తే ఇక మా పని మీకు రాదు."

రాకపోతే మానె అన్నాను. టచింగ్ పొరపాటు నాదేనని క్లయింట్ ఆఫీసుకు ఉత్తరం రాసి సంతకం పెట్టాను. టచింగ్ చెయ్యని పాత ఫోటోనే వాడబోతే అడె వద్దన్నాడు. "మళ్ళీ తీయండి. ఎదురు లైటుకి గీతలు పలచబడ్డాయి." లైటు పక్కకి జరిపాను. ఆ మధ్యాహ్నమే నా ఉత్తరం, కొత్త ఫోటో చూసి గార్డు అతన్ని లోపలికి పంపాడు. మురళి కంపెనీ నుంచి మళ్ళీ ఎవరూ రాలేదు.

స్టూడియో మూసేదాకా, టచింగ్‌కి ముందు ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని, ఏది చెరపాలో మీరే చూపించండి అని అడిగాను. ఆ ఒక్క మాట అడగడం నేర్చుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళ వృత్తి చాలలేదు. ఒక మనిషి ఉద్యోగం పోయే పరిస్థితి దాకా రావలసివచ్చింది.