సినిమాలో లేని ఏడాది

అద్దాలక్క ముందు ఆ నవల మాట ఎత్తారంటే ఇక మీ సాయంత్రం గల్లంతే. రేవు మెట్ల మీద మొదలై రేవు మెట్ల మీదే ముగిసే ఆ పాత ప్రేమకథను మూడుసార్లు తెరకెక్కించారు. మొదటిది నలుపు తెలుపు సినిమా. కన్నీళ్ళు బాగా అమ్ముడవుతాయని నిర్మాత సగం కథ కోసేసి, ఏడిపించి వదిలాడని ఆమె కోపం. రెండోది రంగుల సినిమా. అందులో హీరోకి ప్రేమ దిగులు కన్నా జుట్టు చెదురుతుందన్న దిగులే ఎక్కువ అంటుంది. మూడోది ఇప్పుడు వారం వారం టీవీలో వస్తున్న సీరియల్. అది నత్తనడక నడుస్తోందని అందరూ విసుక్కుంటున్నా ఆమె మాత్రం వెనకేసుకొస్తుంది. నడిస్తే నడవనివ్వండి, ఎక్కడా గెంతడం లేదు కదా అంటుంది.

కళ్ళద్దాల దుకాణంలో ఆమె ఉద్యోగం. వెనక గదిలో కూర్చుని లెన్సుల అంచులు చక్రం మీద అరగదీసి, ఫ్రేముల్లో బిగిస్తుంది. ఎవరి ముక్కు మీద ఫ్రేమ్ జారుతోందో, ఎవరి చెవి వెనక నొక్కుతోందో చూసి సరిచేస్తుంది. చిన్నప్పుడు చేరింది, జుట్టు నెరిసినా అదే స్టూలు. పెళ్ళి చేసుకోలేదు, ఒంటికాయ శొంఠికొమ్ము. రెండు గదుల ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో తను కూర్చుంటుంది, రెండోదాని మీద ఉతికిన బట్టలుంటాయి. వదిన అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఇంకా ఆ సినిమాలేనా అని దెప్పుతుంది. ఆమె నవ్వేస్తుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఇల్లు మరీ బోసిపోతుంది. పలకరించే మనిషి లేక టీవీలో వాళ్ళకు జవాబులు చెప్పడం అలవాటు చేసుకుంది. ఆ సంగతి గుర్తొస్తే తనకే సిగ్గేస్తుంది.

ఆ కథ మీద ఆమెకెందుకంత పట్టుదలో చెప్పాలంటే పాతరోజుల్లోకి వెళ్ళాలి. అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి ఈ దుకాణానికి లెన్స్ పెట్టెలు తెచ్చే యువకుడొకడు ఉండేవాడు. పెట్టెలు దించినా కాళ్ళు కదిలేవి కావు. గుమ్మానికి ఆనుకుని కొత్తగా వచ్చిన నలుపు తెలుపు సినిమా గురించి, అందులో హీరో పెద్దమనిషితనం గురించి గంటలకొద్దీ మాట్లాడేవాడు. ఆమె అప్పటికి నవలను అట్ట ఊడేదాకా చదివింది. సినిమావాళ్ళు దాన్ని పాడుచేసి ఉంటారని ఆ హాలు ఛాయలకే పోలేదు. హీరో అంటే అంత పడిచచ్చేవాడు పుస్తకం చదవకుండా ఉంటాడా అనుకుంది. అడగలేదు.

ఒకరోజు అతను పెట్టెలు దించి, గొంతు సవరించుకుని, కథలో హీరో అడిగే మాటే అడిగాడు.

‘‘మీ ఇంటి తలుపు నాకోసం తెరుస్తారా?’’

నవలలో ఆ ప్రశ్నకు నాయిక కాదంటుంది. ఏడాది తిరిగాక అతను అదే రేవు మెట్ల మీదికొచ్చి మళ్ళీ అడుగుతాడు. అప్పుడు ఔనంటుంది. ఒక్కసారి అడిగి పోయేవాడిది మోజు, మళ్ళీ వచ్చి అడిగేవాడిది ప్రేమ అని ఆ పిల్ల లెక్క. మన అద్దాలక్కది కూడా అప్పుడు ఆ వయసే. లోపల గుండె గంతులేస్తుంటే, నవ్వు బిగబట్టుకుని నాయిక జవాబే అప్పజెప్పింది.

‘‘ఈ తలుపు మీకు తెరుచుకోదు.’’

అతను తల వంచి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఎంత బాగా నటించాడో అని ఆమె మురిసిపోయింది.

మరుసటి వారం పెట్టెలు వేరే మనిషి తెచ్చాడు. ఓహో, పుస్తకంలోని ఏడాది మొదలైందన్నమాట అనుకుంది. అడిగితే ఆట చెడుతుందని అతని గురించి ఎవర్నీ అడగలేదు. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. ఏడాది నిండిన రోజు కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, భోజనానికి కూడా బయటికి పోకుండా కూర్చుంది. అతను రాలేదు. అతను వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడని, పెళ్ళి కూడా అయిందని తర్వాత పెట్టెల మనిషే మాటల్లో అన్నాడు.

అప్పుడు వెళ్ళి చూసింది సినిమా. అందులో రెండోసారి అడగడం లేదు. నాయిక కాదనగానే హీరో తల వంచి పడవెక్కుతాడు, పడవ కదులుతుంది, తెర మీద సమాప్తం. హాల్లో జనం ముక్కులు చీదుతుంటే ఆమె కూర్చుని లెక్క వేసుకుంది. పుస్తకం చదివి కూడా రాలేదంటే అతనికి ఆమె మీద మోజు తీరిపోయిందన్నమాట. సినిమా ఒక్కటే చూసి ఉంటే, ఆమె మాట నమ్మి వెళ్ళిపోయాడన్నమాట. ఈ రెంటిలో ఏది నిజమో తెలియక ఆమె జీవితమంతా గడిచింది.

మొన్న ఒక మధ్యాహ్నం ముందు గదిలోంచి కౌంటర్ అమ్మాయి పిలిచింది. కొత్త కళ్ళద్దాలు చెవి వెనక నొక్కుతున్నాయని, కూతురింటికి ఈ ఊరొచ్చిన ఒక పెద్దావిడ వచ్చింది. పక్కన భర్త. అద్దాలక్క అతని గొంతు ముందు గుర్తుపట్టింది, ముఖం తర్వాత. అతనూ గుర్తుపట్టాడు. ఇద్దరూ కొత్తవాళ్ళలాగే పలకరించుకున్నారు.

ఆమె ఫ్రేము కాడను వేడిచేసి వంచుతుండగా గోడ మీద టీవీలో సీరియల్ ప్రకటన వచ్చింది. పెద్దావిడకు మాట దొరికింది.

‘‘మీరూ చూస్తారామ్మా? ఈయన మొన్న ఆ పిల్ల కాదనగానే లేచి వెళ్ళిపోయారు. కాదన్నాక ఇంకేముంది చూడ్డానికి అంటారు. మళ్ళీ వచ్చి అడుగుతాడట, మా అమ్మాయి పుస్తకం చదివి చెప్పింది. ఎంత చెప్పినా ఈయన నమ్మరు.’’

అతను అద్దాలక్క వైపు చూశాడు.

‘‘పుస్తకంలో అలా ఉందా?’’

‘‘ఉందండీ.’’

‘‘అప్పుడు కూడా ఉందా?’’

‘‘అప్పుడూ ఉంది.’’

పెద్దావిడ అద్దాలు పెట్టుకుని, ఇప్పుడు హాయిగా ఉందని సంబరపడింది. ఇద్దరూ బయటికి నడిచారు. అద్దాలక్క స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

అంతలో తలుపు తోసుకుని అతనొక్కడే లోపలికొచ్చాడు. ఈ వయసులో, ఈ నెరిసిన జుట్టుతో, ఆమె గుండె వెనకటిలాగే గంతేసింది. అతను కౌంటర్ మీద భార్య మర్చిపోయిన కళ్ళద్దాల డబ్బీ తీసుకున్నాడు. తీసుకుని కదల్లేదు.

‘‘నేను సినిమా ఒక్కటే చూశానండీ’’ అన్నాడు.

‘‘తెలుసండీ’’ అంది ఆమె. అది అబద్ధం. అతను తల వంచి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. బయట మెట్టు దగ్గర పెద్దావిడ చెయ్యి చాస్తే అందుకున్నాడు.

ఆ సాయంత్రం టీవీలో గడిచిన వారం భాగం మళ్ళీ వేశారు. రెండో కుర్చీ మీద బట్టలు అలాగే ఉన్నాయి. అద్దాలక్క లైటు కూడా వెయ్యకుండా చూస్తోంది. రేవు మెట్ల మీద హీరో తలుపు మాట అడిగాడు. నాయిక నోరు తెరిచేలోగా ఈమె కుర్చీలో ముందుకు జరిగింది.

‘‘ఔనని చెప్పు తల్లీ’’ అంది పైకే.

నాయిక మాత్రం ఎప్పటి మాటే అంది.