నాలుగు ఎర్ర వైర్లు

దయ్యాల సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. నలభై ఏళ్లు కార్లలో కరెంటు పని చేసినవాణ్ణి. లైటు వెలగలేదంటే ఎక్కడో వైరు ఊడింది, లేదా తుప్పు పట్టింది. వెలిగిందంటే కరెంటు అందింది. మూడో మాట లేదని నేర్చుకున్నాను, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకూ అదే చెప్పాను. కాబట్టి ఇది చదివి, ఈయనకు మొదటి నుంచీ ఈ పిచ్చి ఉందనుకోకండి.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. మేము కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవాళ్లం. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవులో పనికి కుదిరాడు. నేను భవానీపూర్‌లో ఒక గ్యారేజీలో పని చేసేవాణ్ణి. అక్కడికి వచ్చే ఒక బెంగాలీ డాక్టరుగారిని అక్కడి తీరున దాదా, అంటే అన్న, అని పిలిచేవాణ్ణి. ఆయన నల్ల కారుకు హెడ్‌లైట్లు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. చీకట్లో రోగుల ఇళ్లకు వెళ్లడం కష్టంగా ఉందని పెద్ద బల్బులు కొని తెచ్చి నా చేతిలో పెట్టారు.

పెద్ద బల్బులకు పాత స్విచ్చు ఆగదు, కాలిపోతుంది. అందుకని మధ్యలో రిలే పెట్టాలి. రిలే అంటే అగ్గిపెట్టెంత డబ్బా. స్విచ్చు నొక్కితే దానికి కాస్త కరెంటు వెళుతుంది. అది టిక్కుమని, బ్యాటరీ నుంచి అసలు కరెంటును తిన్నగా లైట్లకు అందిస్తుంది. దానికి నాలుగు వైర్లు, నాలుగు రంగుల్లో ఉండాలి. నేను నాలుగూ ఎర్రవే వేశాను. గ్యారేజీలో ఎర్ర వైరు చుట్ట ఒక్కటే మిగిలింది. ఏది ఏదో నాకు తెలియదా అన్న పొగరు కూడా ఉంది.

అప్పుడే మా చెల్లి సుగుణ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు రైల్వేలో ఫిట్టరు, హౌరా అవతల టికియాపారాలో ఉండేవాడు. పెళ్లి అక్కడి చర్చిలోనే. పెళ్లికూతురి కోసం దాదా తన కారు ఇస్తానన్నారు. పెళ్లికొడుకు వాళ్లు టాక్సీ పంపుతామంటే మా చెల్లి ఒప్పుకోలేదు.

"మా అన్నియ్య కట్టిన లైట్లున్నాయి కదేటి. ఆటితోనే ఒస్తాను," అని కబురు పెట్టింది. ఆ మాటకు వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

పాస్టరుగారు ఖరగ్‌పూర్ నుంచి వచ్చారు. ఆరింటికి పెళ్లి చేసి, ఏడున్నర బండికి వెళ్లిపోవాలి. మళ్లీ రావడం నెల తర్వాతే. నాన్న చుట్టాలను తీసుకుని బస్సులో ముందే వెళ్లాడు. కారులో వెనక అమ్మ, సుగుణ. ముందు నేను, అరువు తెచ్చిన కోటు వేసుకుని. డిసెంబరు నెల, అయిదింటికే చీకటి పడింది. బొగ్గు పొయ్యిల పొగ వీధుల మీద పరుచుకుంది. దానికి తోడు ఊళ్లో సగం మేర కరెంటు తీసేశారు.

స్ట్రాండ్ రోడ్డు మీద, గంగ పక్కన, రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి.

టీ కొట్టతను లాంతరు పట్టుకొచ్చాడు. "కీ హోలో దాదా?" ఏమైందన్నా అంటూ నలుగురు మూగారు. బానెట్ ఎత్తగానే కాలిన వాసన కొట్టింది. రిలే ఊడదీసి మూత తీశాను. లోపలి తీగచుట్ట నల్లగా మాడిపోయింది. ఇక అది పనికిరాదు.

రిలే లేకపోయినా రెండు వైర్లు కలిపి లైట్లు వెలిగించవచ్చు. కానీ ఏ రెండు? నా ఎదుట నాలుగు ఎర్ర వైర్లు వేలాడుతున్నాయి. ఏది ఏదో గుర్తు లేదు. పరీక్షించే చిన్న లాంపు పని బట్టల జేబులో, ఇంట్లో ఉండిపోయింది. గుడ్డిగా కలిపితే నిప్పురవ్వలు లేస్తాయి, పక్కనే పెట్రోలు, లోపల పెళ్లికూతురు. ఒకదానికొకటి తగలకుండా నాలుగు కొసలకూ విడివిడిగా నల్ల టేపు చుట్టేశాను. మాడిన రిలేను రుమాలులో మూటగట్టి కోటు జేబులో వేసుకున్నాను. ఇంతవరకూ నాకు స్పష్టంగా గుర్తుంది. లాంతరు పట్టుకున్నవాడూ చూశాడు.

లైట్లు లేకుండా హౌరా వంతెన మీదికి పోనివ్వరు. కారు ఆ చీకట్లో వదిలేసి బస్సులో నిలబడి పోవాలి, బస్సు దొరికితే. ఆ మాట చెబుదామనే బానెట్ మూశాను. సుగుణ తెల్ల చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కిందికి దిగి నిలబడి ఉంది.

"అయిపోనాదేటన్నియ్యా?" అంది. భయం లేదు ఆ గొంతులో. అన్నం వడ్డించావా అన్నట్టు అడిగింది.

"అయిపోనాది, ఎక్కు," అన్నాను.

పచ్చి అబద్ధం. ఎందుకు ఆడానో నాకే తెలియదు. ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆమె చూస్తోందని, ఊరికే, స్విచ్చు నొక్కాను.

బానెట్ కింద నుంచి టిక్కుమంది. లైట్లు వెలిగాయి. టీ కొట్టు, దాని వెనక గోడ, గోడ మీద రాతలు అన్నీ తెల్లగా కనిపించాయి. మూగినవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను జేబు తడుముకున్నాను. రిలే అక్కడే ఉంది.

బానెట్ ఎత్తి చూడలేదు. ఎత్తితే ఆరిపోతాయేమోనని భయం. వంతెన దాటి, చర్చికి ఆరుంబావుకు చేరాం. స్విచ్చు తీస్తే లైట్లు ఆరాయి. పాస్టరుగారు గడియారం చూసుకుంటూనే చక్కగా పెళ్లి చేసి, బండి అందుకున్నారు.

కారు ఆపిన చర్చి పెరట్లోనే భోజనాలకు కూర్చునేసరికి అక్కడా కరెంటు పోయింది. "అన్నియ్యా, నీ లైట్లు ఎయ్యి," అని సుగుణ కేకేసింది. భయపడుతూనే నొక్కాను. టిక్కుమంది. పెరడంతా వెలుగు. కోడికూర విస్తళ్లు, నవ్వుతున్న మా నాన్న, డప్పు కొడుతున్న రైల్వే వాళ్లు, వాళ్లతో కలిసి చిందులు వేసిన మా అమ్మ. అమ్మ ఆడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. కరెంటు వచ్చేవరకూ ఇంజన్ ఆపలేదు.

మర్నాడు పొద్దున ఏక్‌బాల్‌పూర్‌లో బానెట్ ఎత్తాను. నాలుగు ఎర్ర కొసలు, నాలుగింటికీ టేపు, నేను చుట్టినట్టే. టేపు ఎక్కడా చిరగలేదు, కాలలేదు. స్విచ్చు నొక్కాను. ఏమీ లేదు. పాతికసార్లు నొక్కాను. కొత్త రిలే, నాలుగు రంగుల వైర్లు వేసి కారు దాదాకు అప్పగించాను.

తర్వాత ఎన్నో విధాల ఆలోచించాను. వైర్లు లోపల ఎక్కడో ఒరుసుకున్నాయనుకుంటే లైట్లు వెలగవచ్చు, కానీ స్విచ్చుకు లొంగవు. ఆ టిక్కు రాదు. మాడిన రిలే ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు బ్యాటరీ పెట్టి చూస్తాను. కదలదు.

సుగుణకు ఇంతవరకూ చెప్పలేదు. తను కలకత్తాలో పుట్టి హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. మొన్న తన మనవరాలి పెళ్లిలో కూడా నా చెయ్యి పట్టుకుని పెళ్లికొడుక్కి చూపించింది.

"మా అన్నియ్య కట్టిన లైటు ఆరదు బాబూ," అంది.

ఎప్పటిలాగే తల వంచుకున్నాను. ఆ పని నాది కాదు, ఎవరిదో నాకు తెలియదు. మెప్పు మాత్రం ఇన్నేళ్లుగా నేనే పుచ్చుకుంటున్నాను.