చెయ్యి అడ్డొచ్చిన షాట్

యూనివర్సిటీలో జర్నలిజం చదివే రోజుల్లో మా డిపార్టుమెంటు మొత్తానికి ఉన్నది ఒక్కటే వీడియో కెమెరా. భుజాన పెట్టుకునే పెద్దది. ఆడపిల్ల దాన్ని మోయగలదా అని మా క్లాసు మగపిల్లలకు తెగ బెంగ. ఏన్కూరు దగ్గరి తండాలో పుట్టి, అడవి నుంచి కట్టెలమోపులు నెత్తిన పెట్టుకొచ్చినదాన్ని, నాకదో లెక్కా? వాళ్ళ కళ్ళముందే ఎత్తి భుజాన పెట్టుకుని వరండా ఆ చివరిదాకా నడిచొచ్చాను. ఆ పొగరే తర్వాత నా కొంప ముంచింది.

మా సారు చెప్పే పాఠాలు చిన్నవి. బటన్ నొక్కాక పది లెక్కపెట్టేదాకా కెమెరా కదపకూడదు. షాటు అయిపోయిందనుకున్నాక ఇంకో పది లెక్కపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, కెమెరా పట్టుకున్న మనిషి అక్కడ లేనట్టే ఉండాలి. ఈ ఆఖరి మాట నాకు మహా నచ్చింది. హాస్టల్లో నా యాసకు నవ్వేవాళ్ళ మధ్య, లేనట్టు ఉండడం నాకప్పటికే బాగా అలవాటు.

రెండో ఏడాది, ఎవరి ఊరి ఆచారం వాళ్ళు తీసుకురమ్మని తలా ఒక క్యాసెట్ ఇచ్చారు. సరిగ్గా ఆ ఎండాకాలమే మా అక్క పెళ్ళి కుదిరింది. భద్రాచలం అవతల, అడవి అంచున ఉండే తండాకు ఇచ్చారు.

మా లంబాడీల పెళ్ళిలో అత్తారింటికి బయలుదేరే పిల్ల ఊరికే ఏడవదు, రాగం తీస్తూ ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటాం. ఒక్కొక్కరి మెడ కావలించుకుని, వాళ్ళతో తనకున్న సంగతులన్నీ ఆ రాగంలోనే చెప్పుకుంటుంది. ఎవరి ఏడుపు వాళ్ళదే, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ముసలివాళ్ళు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతారు. అక్క మిరపచేలో కాయలేరుతూ తన ఏడుపులు లోలోపల కట్టుకునేది. సెలవులకు వెళ్ళినప్పుడు, నాకోసం కట్టినది కాస్త వినిపించమని బతిమాలాను. మైకు సరిచూసుకోవాలని సాకు కూడా చెప్పాను. వేళ కాకుండా పాడితే కీడని అక్క ఒప్పుకోలేదు. మా ఇంట్లో మాటలు లంబాడీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నీదే అందరికన్న పెద్దగ కట్టిన. ఆఖర్న నీ దగ్గరికొస్త. జర గట్టిగ నిలబడు," అన్నది నవ్వుతూ.

పెళ్ళినాటికి కెమెరాను దుప్పట్లో చుట్టి, ఖమ్మం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కుట్టుమిషన్ అనుకుని కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. తండాలో కరెంటు ఉన్నా లేనట్టే కాబట్టి, ఏన్కూరులో ఒక దుకాణంలో బ్యాటరీకి ఛార్జింగు ఎక్కించుకున్నాను.

అక్క బయలుదేరేటప్పుడు పొద్దు బాగా ఎక్కింది. మా యాడిని, అంటే అమ్మను, కావలించుకుని ఏడ్చింది. మేనమామ మెడ పట్టుకుని ఏడ్చింది. తాను పెంచిన మేకను కూడా వదల్లేదు. నేను ఒక్కటీ పోనివ్వకుండా తీశాను. తర్వాత అక్క నావైపు తిరిగింది. రెండు చేతులూ చాచి వస్తోంది. కెమెరాలో కన్ను ఆనించి చూసే నలుపు తెలుపుల చిన్న అద్దంలో ఆమె మొహం పెద్దదవుతూ వస్తుంటే, సారు మెచ్చుకునే షాటు అనుకున్నాను తప్ప, ఆ చేతులు నాకోసమని నాకు తట్టలేదు. నా మీద పడితే కెమెరా కదులుతుంది. ఎడమచెయ్యి ముందుకు పెట్టి ఊపాను, ఇటు కాదు, అత్తారింటికి తీసుకెళ్ళే జీపువైపు నడవమని.

అక్క ఆగింది. ఎత్తుకున్న రాగం గొంతులోనే ఉండిపోయింది. కాలేజీవాళ్ళ పద్ధతి అలా ఉంటుందేమో అనుకుందో ఏమో, తలూపి జీపెక్కింది. జీపు మలుపు తిరిగిపోయాక నేను బుద్ధిగా పది లెక్కపెట్టాను. అప్పుడు కెమెరా దించి ఏడ్చాను గానీ, అప్పటికి పట్టుకోవడానికి మెడ ఏది?

క్లాసులో వేసి చూపిస్తే సారు నిజంగానే మెచ్చుకున్నారు. ఒక్కచోట ఆపించి, "ఆ చెయ్యెవరిది? అడ్డొచ్చింది, తీసెయ్," అన్నారు. తీసేశాను. అక్క నావైపు తిరగడం, చేతులు చాచడం, ఆగడం, అంతా కలిపి అర నిమిషం కూడా లేదు. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత నున్నగా వచ్చింది. మార్కులు నాకే ఎక్కువ. ఎడిట్ చేసింది నా దగ్గర పెట్టుకుని, అసలు క్యాసెట్ వాపసు ఇచ్చాను. ఉన్నది చెరిగిపోయేలా దానిమీదే తర్వాతి బ్యాచ్ వాళ్ళు ఏవో క్రికెట్ ఆటలు తీసుకున్నారు. అది అక్కడి మామూలు.

తర్వాతి వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. వాగు పొంగి బండి దాటలేదు. దవాఖానా చేరకముందే పోయింది. ఇంతకన్నా రాయడం నావల్ల కాదు.

ఏడాది తిరిగాక, బిడ్డ మొహం ఒక్కసారి చూపించమని యాడి అడిగింది. ఏన్కూరు నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి, కరెంటు వచ్చేదాకా కాచుకుని క్యాసెట్ వేశాను. యాడి నేలమీద, తెరకు మరీ దగ్గరగా కూర్చుంది. ఏడవలేదు. అక్క ఎవరెవరిని పట్టుకుందో వాళ్ళ పేర్లు మెల్లగా పలుకుతూ చూసింది. తెరమీద అక్క జీపెక్కగానే యాడి నావైపు తిరిగింది.

"మేకను గూడ పట్టుకొని ఏడ్చిందిగని, నీ దగ్గరికి రాలేదేంది బిడ్డా?"

బ్యాటరీ అయిపోయిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"వచ్చింది యాడీ. నేనే తీసేసిన."

యాడి నన్ను తిట్టలేదు. వీసీఆర్ వంకా, పక్కనున్న ఖాళీ క్యాసెట్ డబ్బా వంకా చూసింది. డబ్బా తీసుకుని మూత తెరిచి, లోపల వేళ్ళు పెట్టి తడిమింది.

"తీసి ఏడ పెట్టినవ్ మరి?" అని అడిగింది.